ఓడ పేరున్న నేవీ టోపీని బయట పెట్టుకోవచ్చా?

మధురవాడ నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ తమ్ముడు నేవీలో సెయిలర్. సెలవుకి వచ్చినప్పుడు తన ఓడ పేరు, గుర్తు కుట్టిన నీలం టోపీ ఒకటి అన్నయ్యకి ఇచ్చాడు. దాన్ని పెట్టుకుని బీచ్ రోడ్డులో వాకింగ్‌కి వెళ్ళొచ్చా, పోలీసులు పట్టుకుంటారని స్నేహితుడు అంటున్నాడు, నిజమేనా అన్నది మొదటి ప్రశ్న. రెండోది ఇంకా మంచి ప్రశ్న. "మా తమ్ముడు మాత్రం రైల్లో ఆ టోపీ పెట్టుకోడు, బ్యాగు అడుగున బట్టల మధ్య పెట్టి తెస్తాడు. అంత గర్వంగా చెప్పుకునే టోపీని ఎందుకు దాస్తాడు?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీరు పెట్టుకోవచ్చు. మీ తమ్ముడు పెట్టుకోకపోవడం కూడా సరైనదే. మీకు అది తమ్ముడిచ్చిన కానుక. మామూలు బట్టల మీద మామూలు టోపీలా పెట్టుకుని, నేను నేవీవాణ్ణి అని ఎవరినీ నమ్మించే ప్రయత్నం చేయనంత వరకు మీకు ఏ ఇబ్బందీ లేదు. అతనికి మాత్రం అది యూనిఫారంలో భాగం. యూనిఫారానికి చోటు, వేళ, పద్ధతి ఉంటాయి. బయట తిరిగేటప్పుడు ఆ టోపీ తీసి లోపల పెట్టమని ఏ సీనియరో అతనికి చెప్పే ఉంటాడు. నేనైతే నా కింద పనిచేసిన ప్రతి కుర్రాడికీ చెప్పాను.

నేను ఇరవై మూడేళ్ళు నేవీలో చేసి చీఫ్ పెటీ ఆఫీసర్‌గా (సెయిలర్లలో ఒక సీనియర్ ర్యాంకు) రిటైర్ అయ్యాను. చివరి కొన్నేళ్ళు ఓడ మీద డిసిప్లిన్ చూసే పనిలోనే ఉన్నాను. ఎవరు ఏ రిగ్‌లో, అంటే ఏ రకం యూనిఫారంలో ఉన్నారు, ఎవరి టోపీ ఎలా ఉంది, గ్యాంగ్‌వే (ఓడ ఎక్కి దిగే నిచ్చెన వంతెన) దిగేటప్పుడు ఎవరు ఎలా దిగారు అన్నది రోజూ కళ్ళతో చూసి సరిచేసే పని. ఇప్పుడు మల్కాపురంలో ఉంటున్నాను. కింద చెప్పేది ఆ అనుభవంతో చెబుతున్నదే. ఓడకీ ఓడకీ చిన్న చిన్న తేడాలు ఉంటాయి, అక్కడి కమాండింగ్ ఆఫీసర్ ఆర్డరే ఆఖరి మాట.

ముందు టోపీల సంగతి కొంచెం తెలియాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నేవీలో అందరికీ ఒకే టోపీ ఉండదు. కుర్ర సెయిలర్లకి గుండ్రటి తెల్ల టోపీ. దాని చుట్టూ బంగారు అక్షరాల నల్ల రిబ్బన్ ఉంటుంది. పెటీ ఆఫీసర్ అయ్యాక ముందు నల్లటి అంచు ఉండే పీక్ క్యాప్ వస్తుంది. ఆఫీసర్లదీ పీక్ క్యాపే, బ్యాడ్జి వేరు. సీనియర్ ఆఫీసర్ల అంచు మీద బంగారు జరీ ఆకులు ఉంటాయి. సిక్కు సోదరులకి పగిడీయే టోపీ. ఇవన్నీ నేవీ ఇచ్చేవి. దేశంలో ఏ మూల ఉన్నా ఒకటే రకం.

మీ తమ్ముడు మీకిచ్చింది వీటిలో ఏదీ కాదు. దాన్ని మేము షిప్ క్యాప్ అంటాం, కొందరు బాల్ క్యాప్ అంటారు. క్రికెట్ ఆటగాళ్ళ టోపీ లాంటిదే, ముదురు నీలం. ముందు భాగంలో ఓడ పేరు, ఓడ చిహ్నం, కొన్నిటి మీద ఓడ పక్కన రాసే నంబరు కుట్టి ఉంటాయి. ఉదాహరణకి మన వైజాగ్‌లో ఉండే జలాశ్వది ఎల్ 41. ఒడిశాలోని చిల్కా నేవీ కేంద్రంలో ట్రైనింగ్ అయిపోయి బయటికొచ్చే కుర్రాడి నెత్తిమీద ఉండేది గుండ్రటి టోపీ. షిప్ క్యాప్ అతను మొదటి ఓడ ఎక్కాక వస్తుంది. గుండ్రటి టోపీ నేవీ ఇస్తుంది, షిప్ క్యాప్ ఓడ ఇస్తుంది. ఈ తేడా చిన్నది కాదు. ఆ టోపీ చేతికొచ్చిన రోజే ఆ కుర్రాడు ఫలానా ఓడవాడు అవుతాడు. నాకు మొదటి షిప్ క్యాప్ ఇచ్చిన మాస్టర్ చీఫ్ (సెయిలర్లలో పై ర్యాంకు ఆయన) ఒక మాట అన్నారు. "ఇది నీ తల మీద ఉన్నంతసేపు మన ఓడ మొత్తం నీ తల మీద ఉన్నట్టే, జాగ్రత్తగా నడువు." మీ రెండో ప్రశ్నకి అసలు జవాబు ఆ మాటలోనే ఉంది.

ఇంకో చిన్న సంగతి. టోపీ మీద ఐఎన్‌ఎస్ (ఇండియన్ నేవల్ షిప్) అని ఉంటే అది సముద్రం మీద తిరిగే ఓడే కానక్కర్లేదు. మన ఊళ్ళో ఐఎన్‌ఎస్ సర్కార్స్, ఐఎన్‌ఎస్ డేగా, భీమిలి దగ్గర ఐఎన్‌ఎస్ కళింగ, ఇవన్నీ నేల మీద ఉన్న స్థావరాలే. నేవీ సంప్రదాయంలో వాటికీ ఓడ హోదాయే. వాటికీ కమాండింగ్ ఆఫీసర్ ఉంటారు, వాటికీ చిహ్నం ఉంటుంది. అందుకే వాటి పేర్లతో కూడా టోపీలు ఉంటాయి. సర్కార్స్ అంటే మన ఉత్తర సర్కారులే. ఆ పేరు చూసి ఇదేదో ఇంగ్లీషు ఓడ అనుకునేవాళ్ళని చాలామందిని చూశాను.

ఇక పద్ధతి. ఓడ మీద ఏ రోజు ఏ రిగ్ వేసుకోవాలో డైలీ ఆర్డర్స్‌లో రాసి ఉంటుంది. షిప్ క్యాప్ పని దుస్తులతో పెట్టుకునేది. డెక్ కడిగేటప్పుడు, పెయింట్ కొట్టేటప్పుడు, తాళ్ళు లాగేటప్పుడు, ఓడ నడిపే గదిలో, అంటే బ్రిడ్జి మీద, వాచ్ డ్యూటీలో ఉన్నప్పుడు, మే నెల ఎండలో జెట్టీ మీద సామాన్లు ఎక్కించేటప్పుడు. వైజాగ్ ఎండకీ ఉప్పుగాలికీ అది లేకపోతే పని సాగదు. కానీ పరేడ్ అన్నా, పెద్దవాళ్ళు ఓడకి వస్తున్నారన్నా, ఓడ అలంకరించుకుని రేవులోకి వస్తూ అందరం డెక్ అంచున వరుసగా నిలబడాలన్నా షిప్ క్యాప్ పనికిరాదు. అప్పుడు గుండ్రటి టోపీలు, పీక్ క్యాపులు బయటికొస్తాయి. తెల్ల యూనిఫారం మీద షిప్ క్యాప్ పెట్టడం పట్టు పంచె మీద టీషర్టు వేసినట్టు ఉంటుంది. కొత్త కుర్రాళ్ళు ఫొటో కోసం అలా కలిపేస్తుంటారు. దయచేసి అలా చేయవద్దని మీ తమ్ముడికి కూడా చెప్పండి.

పెట్టుకునే తీరు: తిన్నగా, కనుబొమ్మల మీద రెండు వేళ్ళ ఎత్తులో. పక్కకి వాల్చకూడదు, వెనక్కి తిప్పకూడదు. అంచుని గొట్టంలా వంచేయకూడదు. ముందు జుట్టు బయటికి రాకూడదు.

సెల్యూట్ గురించి చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. మన నేవీలో తల మీద టోపీ లేకుండా చేత్తో సెల్యూట్ చేయం. టోపీ లేనప్పుడు ఆఫీసర్ ఎదురైతే సావధానంగా నిలబడతాం, మాటతో విష్ చేస్తాం. యూనిఫారంలో షిప్ క్యాప్ ఉందంటే అది కూడా టోపీయే, కాబట్టి సెల్యూట్ చేయాల్సిందే. పొద్దున్న ఎనిమిదికి ఓడ వెనక నేవీ జెండా ఎగరేసేటప్పుడు డెక్ మీద షిప్ క్యాప్‌తో ఉన్నవాళ్ళు జెండా వైపు తిరిగి సెల్యూట్ చేస్తారు. గ్యాంగ్‌వే ఎక్కి ఓడలో కాలు పెట్టగానే క్వార్టర్‌డెక్ (ఓడ వెనక భాగం డెక్) వైపు చేసే సెల్యూట్ కూడా అంతే. మా సెల్యూట్‌లో అరచేయి ఎదుటివాడికి కనపడదు, కిందికి ఉంటుంది. పాతకాలంలో తాళ్ళకి పూసే తారు, గ్రీజు అంటిన అరచేయి పెద్దవాళ్ళకి చూపించకూడదని అలా వచ్చిందని మాకు ట్రైనింగ్‌లో చెప్పేవారు.

తీసేయాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. భోజనాల దగ్గర, సిక్ బేలో (ఓడలోని వైద్యశాల), ప్రార్థన వేళ టోపీ తీస్తాం. సెయిలర్లు భోంచేస్తున్నప్పుడు ఏ ఆఫీసరైనా మెస్ డెక్ (సెయిలర్లు తిని, పడుకునే చోటు) గుండా వెళ్ళాల్సి వస్తే ఆయనే టోపీ తీసి చంకలో పెట్టుకుని నడుస్తాడు. అది మీ ఇల్లు, నేను అతిథిని అని చెప్పకుండా చెప్పడం. నాకు నేవీలో బాగా నచ్చిన మర్యాదల్లో అదొకటి. పాతికేళ్ళు నిండని లెఫ్టినెంట్ ఒకాయన, వేడి వేడి సాంబారు గిన్నెలు పట్టుకుని నిలబడ్డ మా మధ్యలోంచి టోపీ తీసి, "తినండి, తినండి" అంటూ పక్కకి ఒరిగి వెళ్ళడం ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. ఇంకో చోటు వేరే రకం. తప్పు చేసినవాణ్ణి విచారణకి కెప్టెన్ ముందు నిలబెట్టినప్పుడు మొదట వినపడే ఆర్డర్ టోపీ తీయమనే. శిక్ష సంగతి తర్వాత, ఆ టోపీ తీసే క్షణమే కుర్రాళ్ళకి కళ్ళ నీళ్ళు తెప్పిస్తుంది. నేను పక్కన నిలబడి చాలాసార్లు చూశాను.

ఎక్కడ పెట్టుకోకూడదన్నది నాకు ప్రాణం మీదకి తెచ్చి నేర్పిన చోటు ఫ్లైట్ డెక్, అంటే ఓడ మీద హెలికాప్టర్ దిగే చోటు. నాకప్పుడు సర్వీసు రెండేళ్ళు. ఓడ మీద చేతక్ హెలికాప్టర్ దిగబోతోంది. నేను హ్యాంగర్ (హెలికాప్టర్ ఉంచే షెడ్డు) తలుపు దగ్గర నిలబడి, షిప్ క్యాప్ తీసి లోపల పెట్టుకోవడం మర్చిపోయాను. హెలికాప్టర్ దగ్గరకొచ్చేసరికి దాని గాలికి టోపీ లేచిపోయి డెక్ మధ్యలోకి దొర్లింది. డెక్ మీద చేతులతో సైగలు చేస్తున్న ఆయన ఒక్క క్షణంలో చూసి హెలికాప్టర్‌ని పైకి పంపేశారు. అది మళ్ళీ చుట్టు తిరిగి వచ్చేలోగా టోపీ సముద్రంలో పడింది. అందరూ క్షేమంగా దిగారు. బట్ట ముక్కయినా, స్క్రూ అయినా ఇంజన్‌లోకి పోతే, తిరిగే రెక్కకి తగిలితే ఏమవుతుందో ఆ సాయంత్రం మా చీఫ్ నాకు కూర్చోబెట్టి చెప్పారు. నాకు కొన్నాళ్ళు లిబర్టీ ఆపేశారు. అంటే ఓడ దిగి ఊళ్ళోకి వెళ్ళడానికి లేదు. అది నాకు తగిన శిక్షే. ఆ తర్వాత నా కింద పనిచేసిన ఏ కుర్రాడి టోపీ కూడా డెక్ మీద ఎగరలేదు. హెలికాప్టర్ వస్తోందని మైకులో ప్రకటన (దాన్ని పైప్ అంటాం) వినపడగానే ముందు తలలు చూసేవాణ్ణి. విమానాలు, హెలికాప్టర్లు తిరిగే చోట వదులు టోపీ ఉండకూడదు, ఇందులో ఏ ఓడకీ తేడా లేదు.

ఇప్పుడు మీ తమ్ముడు బ్యాగు అడుగున ఎందుకు పెడతాడన్న దానికి వద్దాం. రెండు కారణాలు ఉన్నాయి.

ఒకటి, పరువు. నేను పనిచేసిన ఒక ఓడలో ఒక కుర్రాడు, మంచివాడే, లిబర్టీకి సివిల్ బట్టల్లో వెళ్తూ షిప్ క్యాప్ పెట్టుకున్నాడు. ఊళ్ళో ఆటో బేరం దగ్గర మాటా మాటా పెరిగి తోపులాట దాకా పోయింది. తప్పు ఎవరిదో నాకు ఈరోజుకీ తెలియదు. ఆటో అతనికి ఈ అబ్బాయి పేరు తెలియదు, ముఖం కూడా సరిగ్గా గుర్తు లేదు. కానీ టోపీ మీద పేరు చదివాడు. మర్నాడు ఫిర్యాదు ఫలానా కుర్రాడి మీద రాలేదు, ఫలానా ఓడ మీద వచ్చింది. "మీ ఓడవాళ్ళు కొట్టారు" అని. మా కెప్టెన్ గారు మొత్తం ఓడని నిలబెట్టి మాట్లాడారు. ఆ అబ్బాయి తనంతట తానే ముందుకొచ్చి నిలబడ్డాడు, అందుకు మెచ్చుకోవాలి. కానీ ఆ పదిహేను రోజులూ మూడు వందల మంది తల దించుకుని తిరిగారు. మా మాస్టర్ చీఫ్ చెప్పిన మాట అర్థం నాకు ఆ రోజు పూర్తిగా తెలిసింది. ఒక్కడి తల మీద ఉన్న టోపీకి మూడు వందల మంది జవాబు చెప్పాల్సి వచ్చింది.

రెండోది, భద్రత. ఇది ఇప్పటి కాలంలో ఇంకా ముఖ్యం. టోపీ మీద ఓడ పేరు ఉందంటే, ఆ ఓడ మనుషులు ఈ ఊళ్ళో ఉన్నారని, అంటే ఓడ రేవులో ఉందని చూసినవాడికి తెలుస్తుంది. ఇది కొత్త భయం కాదు. బ్రిటిష్ నేవీలో సెయిలర్ల టోపీ రిబ్బన్ మీద ఓడ పేరు రాసేవారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఆ పేరు తీసేసి రిబ్బన్ మీద హెచ్‌ఎమ్‌ఎస్ (బ్రిటిష్ ఓడలన్నిటి పేర్ల ముందూ ఉండే అక్షరాలు) అని మాత్రమే ఉంచారు. సెయిలర్ టీ దుకాణంలో కూర్చుంటే ఏ ఓడ ఏ రేవులో ఉందో గూఢచారికి తెలియకూడదని. మన ఊరి సంగతే చూడండి. 1971లో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ, మన విమాన వాహక నౌక విక్రాంత్ ఎక్కడుందో వెతుక్కుంటూ మన రేవు ముందుకే వచ్చి మునిగిపోయింది. విక్రాంత్ అప్పుడు అండమాన్ వైపు ఉంది. ఇంకా వైజాగ్‌లోనే ఉన్నట్టు శత్రువుని నమ్మించడానికి మనవాళ్ళు చాలా కష్టపడ్డారు. ఒక ఓడ ఎక్కడుందన్న ఒక్క ముక్క సమాచారానికి ఎంత విలువో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇక 2019 డిసెంబరు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఓడల కదలికల సమాచారం సోషల్ మీడియా ద్వారా బయటికి పోతోందని ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ పేరుతో జరిగిన దర్యాప్తులో నేవీలో పనిచేస్తున్న ఏడుగురిని అరెస్టు చేశారు. ఆ నెలాఖరుకే ఓడల మీద, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించారు. అందుకే కుటుంబాలకి నేను గట్టిగా చెప్పే మాట: టోపీ పెట్టుకోవడం కన్నా, టోపీతో ఫొటో పెట్టడంలోనే ప్రమాదం ఎక్కువ. "తమ్ముడు ఈరోజే సెయిలింగ్ నుంచి వచ్చాడు, ఎల్లుండి మళ్ళీ వెళ్తున్నాడు" అని రాసి, పక్కన ఓడ పేరున్న టోపీ ఫొటో పెడితే ఓడ పేరు, రాక, పోక మూడూ ఒకే చోట దొరికినట్టే. ప్రేమతోనే పెడతారు, నాకు తెలుసు. మా అమ్మాయి కూడా ఒకసారి అలాగే పెట్టబోతే ఆపాను. ఊరికే టోపీ ఫొటో అయితే సరే, తేదీలు, ప్రయాణాలు కలపకండి.

చట్టం సంగతి. మీ స్నేహితుడు చెప్పినది పూర్తిగా గాలి మాట కాదు. భారతీయ న్యాయ సంహితలో 168వ సెక్షన్ ఉంది, పాత ఐపీసీలో అది 140. సైనికుడు, నావికుడు, వైమానికుడు వేసుకునే దుస్తులు గానీ, వాటిలా కనిపించేవి గానీ వేసుకోవడం, వాళ్ళు ధరించే గుర్తులు పెట్టుకోవడం, అదీ తాను అలాంటివాడినేనని ఎదుటివాళ్ళు నమ్మాలనే ఉద్దేశంతో చేస్తే నేరం. మూడు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చూడండి, కీలకం "నమ్మించాలనే ఉద్దేశం". జీన్సు, టీషర్టు వేసుకుని, మెడలో ఇయర్‌ఫోన్స్‌తో, నెత్తి మీద ఓడ టోపీతో నడిచేవాణ్ణి చూసి ఎవరూ డ్యూటీలో ఉన్న నావికుడు అనుకోరు. అదే టోపీకి కింద నేవీ రకం చొక్కా, భుజాల మీద ర్యాంకు పట్టీలు కలిపి, టోల్ గేట్ దగ్గరో లాడ్జిలోనో "నేవీ" అని చెబితే కథ వేరు. పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి జరిగిన 2016 జనవరిలో ఆర్మీ కూడా మామూలు జనం సైనిక దుస్తుల లాంటివి వేసుకోవద్దని విజ్ఞప్తి చేసింది. అలాంటి రోజుల్లో అసలు సైనికుడెవరో, వేషం వేసుకున్నవాడెవరో తేల్చుకోవాల్సి వచ్చేది గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడ్డ కుర్రాడే.

నన్ను నిజంగా బాధపెట్టేది ఇంకొకటి ఉంది. షిప్ క్యాప్ పెట్టుకున్న సివిలియన్‌ని చూస్తే నాకు సంతోషమే, మన ఓడ పేరు ఎవరి నోట్లో ఉన్నా మంచిదే. కానీ ఎంబ్రాయిడరీ షాపుల్లో టోపీలకి కమాండో బ్యాడ్జి, సబ్‌మెరైన్ వాళ్ళ డాల్ఫిన్ బ్యాడ్జి కుట్టించుకునేవాళ్ళని చూశాను. షిప్ క్యాప్ ఇచ్చేది, ఆ బ్యాడ్జిలు సంపాదించుకునేవి. సబ్‌మెరైన్‌లో నెలల తరబడి ట్రైనింగ్ అయ్యి, ప్రతి వాల్వు, ప్రతి పైపు ఎక్కడుందో చీకట్లో చెప్పగలిగితే గానీ ఆ డాల్ఫిన్ ఛాతీ మీదకి రాదు. దాన్ని వంద రూపాయల దారంతో కుట్టించుకోవడం నాకు మింగుడుపడదు. అంచు మీద బంగారు జరీ ఆకులున్న టోపీలూ అంతే, అవి సీనియర్ ఆఫీసర్లవి. మీకిచ్చిన టోపీ మీద అలాంటివేవీ లేకపోతే నిశ్చింతగా పెట్టుకోండి.

టోపీలు ఇవ్వడం, పుచ్చుకోవడం నేవీలో తప్పు కాదు, పాత ఆనవాయితీ. 2016 ఫిబ్రవరిలో మన ఊళ్ళో అంతర్జాతీయ ఫ్లీట్ రివ్యూ (యుద్ధనౌకల సమీక్ష) జరిగినప్పుడు సుమారు 50 దేశాల నౌకాదళాలు వచ్చాయి. ఆ వారం బీచ్ రోడ్డులో, జెట్టీల మీద ఎక్కడ చూసినా ఇదే బేరం. భాష రాదు, సైగలే. విదేశీ సెయిలర్ తన టోపీ తీసి చూపిస్తాడు, నేను నాది తీసి చూపిస్తాను, ఇద్దరం నవ్వుతాం, మార్చుకుంటాం. నాకలా వచ్చిన రెండు టోపీలు మా షోకేసులో ఉన్నాయి. ఒకదాని లోపల పట్టీ మీద ఆ అబ్బాయి చేతిరాతతో పేరు ఉంది, నాకు చదవడం రాదు. అయితే ఆ మార్పిడిలోనూ హద్దు ఉంది. షిప్ క్యాప్ మార్చుకోవచ్చు. గుండ్రటి టోపీ, రిబ్బన్, పీక్ క్యాప్ బ్యాడ్జి, ఐడీ కార్డుకి సంబంధించినది ఏదీ చేయి మారకూడదు. తీసుకున్న విదేశీ టోపీని యూనిఫారంతో పెట్టుకోకూడదు.

ఓడ మారితే? ట్రాన్స్‌ఫర్ వచ్చి కొత్త ఓడ ఎక్కినవాడు పాత ఓడ టోపీతో డెక్ మీదకి రాకూడదు. ఎవరూ పెద్దగా కేకలేయరు గానీ, కొత్తవాళ్ళ మనసుకి అది బాగుండదు. పాతది ఇంటికి చేరుతుంది. అన్నయ్యలకి, నాన్నలకి ఇవ్వడం అలాగే మొదలవుతుంది. మీ దగ్గరున్నది అతని మొదటి ఓడదైతే దాన్ని ఎవరికీ ఇచ్చేయకండి, ముప్పై ఏళ్ళ తర్వాత అతనే అడుగుతాడు. మన ఊరి పేరున్న ఐఎన్‌ఎస్ విశాఖపట్నం టోపీ సంపాదించాలని ఇక్కడి కుర్రాళ్ళకి ఎంత ఆశో. ఆ ఓడ 2021 నవంబరులో ముంబైలో నేవీలో చేరింది, మకాం కూడా అటే. దాని చిహ్నంలో మన డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్, కృష్ణజింక ఉంటాయి. ఆ లైట్‌హౌస్‌ని రోజూ చూస్తూ పెరిగినవాడికి దాన్ని టోపీ మీద చూసుకోవడం మాటల్లో చెప్పేది కాదు.

రిటైర్ అయినవాళ్ళం మాత్రం పెట్టుకుంటాం. డిసెంబరు 4న నేవీ డే రోజు బీచ్ రోడ్డులో 1971 యుద్ధ స్మారకం విక్టరీ ఎట్ సీ దగ్గరకి వెళ్ళేటప్పుడు, పాత ఓడవాళ్ళం కలుసుకున్నప్పుడు. కొన్ని ఓడలు ఇప్పుడు లేవు, టోపీలే ఉన్నాయి. రాజ్‌పుత్ 1980లో నేవీలో చేరి, 2021 మే 21న మన డాక్‌యార్డ్‌లోనే సెలవు తీసుకుంది. కోవిడ్ రోజులు, పాతవాళ్ళెవరినీ పిలవడానికి వీల్లేకపోయింది. అందులో పనిచేసిన నా స్నేహితుడు ఆ సాయంత్రం సూర్యాస్తమయం వేళకి ఆ ఓడ టోపీ పెట్టుకుని, తమ ఇంటి మేడ మీద డాక్‌యార్డ్ వైపు తిరిగి నిలబడ్డాడట. వాళ్ళావిడ కాఫీ తీసుకెళ్ళి పలకరించకుండానే వెనక్కి వచ్చేశానని చెప్పింది.

ఇక మీ విషయానికి. వాకింగ్‌కి, ఎండలో పనికి, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూడ్డానికి వెళ్ళినా పెట్టుకోండి. నేవీ గేట్ల దగ్గర, డాక్‌యార్డ్ పరిసరాల్లో తీసి జేబులో పెట్టుకోండి, అక్కడ సెంట్రీకి అనవసరమైన టెన్షన్ ఎందుకు. టోపీ ఉంది కదా అని ఎవరికీ సెల్యూట్ కొట్టకండి, నేవీవాళ్ళు కనపడితే "జై హింద్" అంటే చాలు. జాతీయగీతం వస్తే నేనైతే ఇలాంటి టోపీ తీసి చేత్తో పట్టుకుంటాను. మందు షాపుకి, గొడవలున్న చోటికి దయచేసి వద్దు. మీకు నేవీతో సంబంధం లేకపోవచ్చు, ఆ పేరుకి ఉంది.

ఉతకడం గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది అక్కడే పాడుచేస్తారు. మన గాలికి, చెమటకి నీలం గుడ్డ మీద తెల్లటి ఉప్పు చారలు పడతాయి, చిన్న దీవుల మ్యాపులా. వాషింగ్ మెషీన్‌లో వేయకండి, అంచు లోపల అట్ట ఉంటే ఉబ్బిపోతుంది. బకెట్ చల్లటి మంచినీళ్ళలో పావుగంట నానబెట్టి, లోపలి పట్టీని మాత్రం పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఒక గిన్నె మీద బోర్లించి నీడలో ఆరబెట్టండి. ఎంబ్రాయిడరీ మీద బ్రష్ పెట్టకండి, పోగులు లేస్తాయి.

ఆ పట్టీ రుద్దేటప్పుడు ఒకసారి లోపల చూడండి. టోపీలు కలిసిపోకుండా మేము పర్సనల్ నంబరు మార్కర్‌తో అక్కడ రాసుకుంటాం. మీ తమ్ముడి నంబరు ఉంటే అది బయటివాళ్ళకి కనపడకూడదు. చెరపాలని చూడకండి, మార్కర్ పోదు, గుడ్డ పోతుంది. మల్కాపురంలో నాకు తెలిసిన యూనిఫారం టైలర్ లోపల ఒక చిన్న నీలం పట్టీ కుట్టేసి ఇస్తాడు, ఐదు నిమిషాల పని. మీ దగ్గర టైలరైనా చేస్తాడు. కుట్టించాక పెట్టుకోండి.